సంతలో బల్ల వేసే ముందు

మొదటి ఏడు నేను సంతకి 24 సీసాలు పట్టుకెళ్ళాను. ఖాళీ గాజు సీసాలకు రంగులేసి, మెడ చుట్టూ పురికొస చుట్టి, ఒక్కోటి 250 రూపాయలన్నాను. రెండు రోజుల్లో ఐదు పోయాయి. ఆ ఐదూ కొన్నది మా కాలేజీ మేడమ్‌లే. మిగతా 19 ఆటోలో గలగలలాడుతూ ఇంటికొచ్చాయి. వాటిల్లో రెండింట్లో మా అమ్మ ఇప్పటికీ వాము, జీలకర్ర పోస్తోంది.

మాది బందరు. బీకాం చివరి ఏడు చదువుతున్నాను. మా ఊళ్ళో ఒక వృద్ధాశ్రమం వాళ్ళు సంక్రాంతికి ముందు వచ్చే శని, ఆదివారాల్లో సంత పెడతారు. బల్లలు వేసేది ఎక్కువగా మాలాంటి విద్యార్థులే. అమ్మినదాంట్లో కొంత ఆశ్రమానికి ఇవ్వాలి. ఈసారి ముగ్గురు జూనియర్లు "అక్కా, మేమూ పెడతాం, ఏం చేయాలో చెప్పవా" అని వెంటపడ్డారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

సీసాలు ఎందుకు పోలేదో నాకు ఆలస్యంగా తెలిసింది. బాగోలేక కాదు. సంతకొచ్చేవాళ్ళలో సగం మంది బండి మీద వస్తారు, చంకలో పిల్లాడు, చేతిలో బజ్జీల పొట్లం. గాజు సీసా ఎక్కడ పెట్టుకుంటారు? "తిరిగెళ్ళేటప్పుడు తీసుకుంటాం అమ్మా" అంటారు, తిరిగెళ్ళేటప్పుడు ఇంకో దారిన వెళ్తారు. ఇక మా మేడమ్‌లు కొన్నది నా మొహం చూసి. జాలితో కొన్నవాళ్ళు ఒకటే కొంటారు, పక్కవాళ్ళకి చూపించరు. కాబట్టి ముందు ఇది తేల్చుకోండి: ఆశ్రమం మాట ఎత్తకుండా, మామూలు కొట్లో ఉన్నా ఈ వస్తువు ఎవరైనా కొంటారా? హ్యాండ్‌బ్యాగులోనో చొక్కా జేబులోనో పడుతుందా? రెండింటికీ అవునంటేనే మొదలుపెట్టండి.

రెండో ఏడు నుంచి నేను చేసేవి మూడే. గుడ్డ చుట్టిన రేకు గుండీలతో చెవి దిద్దులు, జిప్పు పర్సులు, పుస్తకాల్లో పెట్టుకునే గుర్తు పట్టీలు. మూడింటికీ గుడ్డ ఒక్కటే, పెడన కలంకారీ తుంపులు. మా అమ్మ జాకెట్లు కుడుతుంది, అందుకని కత్తెర, మిషను, పేస్టింగు గుడ్డ ఇంట్లోనే ఉన్నాయి. మీ ఇంట్లో ఏం పని తెలుసో దాని చుట్టూనే వస్తువు ఎంచుకోండి. వీడియో చూసి రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం) పోసిన నా స్నేహితురాలు వాసనకి తలనొప్పి తెచ్చుకుంది తప్ప ఒక్క కీచెయినూ సరిగ్గా తేలలేదు.

గుడ్డ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే బల్ల దగ్గర నిలబెట్టేది, తిట్టించేది రెండూ అదే.

పెడన మాకు ఆటో దూరం. కలంకారీలో రెండు దారులున్నాయని మీకు తెలిసే ఉంటుంది. శ్రీకాళహస్తిది కలంతో చేతిమీద గీసేది, మాది చెక్క అచ్చులతో అద్దేది. మేమెరిగిన ఒక అద్దకం వాళ్ళ దగ్గర చీర చివర్లు, రంగు అటూ ఇటూ అయిన ముక్కలు సంచీలో వేసి ఇస్తారు. నేను మొదట ఏది రంగురంగులుగా ఉంటే అది ఏరుకొచ్చేదాన్ని. ఆ ముక్కలు చూసి నాకు గడ్డి పెట్టింది ఆశ్రమంలో ఉండే ఒక మామ్మ. బల్ల ఎక్కడ వేస్తారో కనుక్కుందామని ఆశ్రమానికి వెళ్ళినప్పుడు నా సంచీ లాక్కుని ముక్కలన్నీ ఒళ్ళో పరుచుకుంది. వయసులో ఉండగా పెడనలో అద్దిన గుడ్డలు కాలవలో ఉతికేదట. "ఇది అచ్చుది. ఇది స్క్రీనుది. ఇదీ స్క్రీనుదే. ఎవరే నీకు ఇవన్నీ కలంకారీ అని చెప్పింది?"

ఆవిడ చూపించిన పద్ధతి ఇది. ముందు గుడ్డ తిరగేయాలి. అచ్చుతో అద్దినదానికి రంగు వెనక్కి కూడా దిగి ఉంటుంది, స్క్రీను ప్రింటుకి, అంటే జాలీ తెర మీంచి రంగు రుద్దిన గుడ్డకి, చాలావరకు వెనక వెలవెలబోతుంది. తర్వాత అచ్చు పక్కన అచ్చు పడిన చోటు వెతకాలి. చేత్తో కొట్టిన అచ్చు ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది, లేదా రంగు కాస్త ముద్దగా పడుతుంది. గజం పొడుగునా ఎక్కడా తేడా లేకపోతే అనుమానించాలి. పాత పద్ధతిలో గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో అచ్చు వేస్తే, కరక్కాయ వగరుకి ఇనుము తగిలి అక్కడ నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, తర్వాత రంగుచెక్కతో ఉడకబెడతారు. అందుకే ఆ నలుపు కాటుకలా మెరవదు, కొంచెం గోధుమ కలిసినట్టు ఉంటుంది. అయితే ఈ రోజుల్లో అచ్చుతో అద్ది రసాయన రంగులు వాడేవాళ్ళూ ఉన్నారు. అచ్చు అనగానే సహజ రంగు అనుకోకూడదు. గుడ్డ ఇచ్చినవాళ్ళని అడగండి. వాళ్ళు తడబడితే మీరు బల్ల దగ్గర "నేచురల్ డై" అనకండి.

నేను ఇప్పుడు దిద్దులకీ పర్సులకీ అచ్చు అద్దకం ముక్కలే వాడతాను, అట్ట మీద "పెడన అచ్చు అద్దకం గుడ్డ" అని రాస్తాను. స్క్రీను ముక్కలతో పట్టీలు చేస్తాను, వాటి మీద "ప్రింటు గుడ్డ" అనే రాస్తాను. అలా రాస్తే ఎవరు కొంటారని మా అమ్మ అంది. పట్టీలు అన్నిటికన్నా ముందు అయిపోయాయి.

కోసే ముందు గుడ్డ ఉతకాలి. నూలు గుడ్డ ఒక తడికి ముడుచుకుంటుంది, కుట్టాక ముడుచుకుంటే పర్సు మూతి వంకరపోతుంది. గుప్పెడు ఉప్పు వేసిన నీళ్ళలో అరగంట నానబెట్టి, నీడలో ఆరేసి, తిరగేసి ఇస్త్రీ చేయండి. తర్వాత తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ ముక్క దిద్దులకి పనికిరాదు. చెవి దగ్గర చెమట పడుతుంది, మెడ మీద ఎర్ర మరక పడిందంటే ఆవిడ రెండో రోజు సంతకొచ్చి మరీ అరుస్తుంది. నాకు జరిగింది. డబ్బు వెనక్కిచ్చాను, ఇంకో జత కూడా ఇవ్వబోయాను. ఆవిడ ఆ జత తీసుకోలేదు.

ఇక దిద్దులు. అట్టముక్కలో మీ గుండీ అంత కంత కోసుకోండి. ఆ కంతని గుడ్డ మీద జరుపుతూ పోతే ఎక్కడ కోస్తే ఏ బొమ్మ పడుతుందో కనబడుతుంది. మామిడి పిందె, తామర, తీగ మలుపు బాగుంటాయి. చిలక పడితే మాత్రం జాగ్రత్త. ఒకే వైపు చూసే రెండు చిలకలతో జత కడితే, పెట్టుకున్నాక ఒకటి ముఖం వైపు, ఒకటి జడ వైపు చూస్తుంది. ఎదురెదురు చిలకలు దొరక్కపోతే గుండ్రటి పువ్వుతో సరిపెట్టుకోండి. గుండీ కన్నా చుట్టూ ఒక వేలు వెడల్పు ఎక్కువగా గుడ్డ కోసి, వెనక పేస్టింగు వేసి ఇస్త్రీతో అంటించండి. అది లేకపోతే పల్చటి గుడ్డలోంచి రేకు తళుకు బయటికి కనిపిస్తుంది. అంచు చుట్టూ సూదితో కచ్చా కుట్టు వేసి, రేకు మీద బిగించి లాగి, వెనక మూత నొక్కితే అయిపోయింది. మొదటి పది నలిగిపోతాయి, పారేయండి.

చెవికి గుచ్చే పుల్లలు, వాటి వెనక బిగించే మరలు చిలకలపూడిలో దొరుకుతాయి. గిల్టు నగలకి పేరుపడ్డ చోటు మా ఊళ్ళోనే ఉండగా ఆన్‌లైన్లో తెప్పించిన బుద్ధి నాది. ముందే చూసి, వెనక అంటించడానికి చదును బిళ్ళ ఉన్న పుల్లలు అడగండి. కొందరికి గిల్టు పడదు, చెవి దురద పెడుతుంది. అలాంటివాళ్ళ కోసం పది జతలు స్టీలు పుల్లలతో చేసి వేరే అట్టకి గుచ్చుతాను. జిగురు విషయంలో తొందర వద్దు. చిటికెలో అంటుకునే జిగురు ముదురు రంగు గుడ్డ మీద తెల్లగా పొడి కడుతుంది. రెండు ట్యూబులు సమంగా కలిపే రకం వాడి, ఒక రాత్రంతా కదపకుండా వదిలేయండి. సంత ముందురోజు రాత్రి అంటించడం మానుకోండి. నా మొదటి జత పుల్ల కొన్నావిడ చేతిలోకే ఊడొచ్చింది.

ధర లెక్క అందరూ తప్పేది ఇక్కడే. నా దిద్దుల జతకి గుడ్డ 1.50, గుండీలు 4, పుల్లలు మరలు 5, జిగురు 1, అట్ట 1.50. మొత్తం 13 రూపాయలు. అమ్మేది 60కి. మిగిలిన 47 చూసి మురిసిపోకండి. ఏకబిగిన కూర్చుని చేస్తే గంటకి మూడు జతలు అవుతాయి నాకు. ఆశ్రమానికి జతకి 25 ఇస్తాను. అంటే నా చేతికి 22, గంటకి 66. పర్సు 120కి అమ్ముతాను. సరుకు 35, ఆశ్రమానికి 50, కుట్టినందుకు అమ్మకి 20, నాకు 15. "అమ్మకి కూలేంటే" అని మా నాన్న నవ్వాడు. కానీ ఆ 20 రాయకపోతే పర్సు 90కి అమ్మొచ్చని నాకే అనిపించేది. పట్టీ 20 రూపాయలు, అందులో ఆశ్రమానికి 10.

ఆశ్రమం వాటా "లాభంలో సగం" అని పెట్టకండి. మీ లాభమెంతో కొనేవాళ్ళకి తెలియదు, నిజం చెప్పాలంటే మీకూ తెలియదు. వస్తువుకి ఇన్ని రూపాయలని తేల్చి, బల్ల మీద పెద్ద అక్షరాలతో రాయండి: దిద్దులు 60, అందులో ఆశ్రమానికి 25. తర్వాత బేరంలో తగ్గిస్తే ఆ తగ్గింపు మీ వాటాలోంచే పోవాలి. నేను రెండు జతలు 100కి ఇస్తాను, అప్పుడు కూడా 50 ఆశ్రమానివే.

సంత పెట్టేవాళ్ళని ముందుగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బల్ల ఎంత పొడవు, పైన టెంటు ఉంటుందా, రాత్రి దీపం ఎవరిది, బల్ల రుసుము ఎంత, డబ్బు మనమే తీసుకోవాలా లేక ఒకేచోట కౌంటరా. ఇంకొకటి, మీ పక్క బల్ల ఎవరిదో కనుక్కోండి. నాకు రెండో ఏడు మిరపకాయ బజ్జీల పక్కన పడింది. జనం బాగా వచ్చారు, బజ్జీ తిన్న వేళ్ళతోనే పర్సులు నలిపారు. నూనె వేళ్ళ గుర్తులతో నాలుగు పర్సులు పోయాయి. ఇప్పుడు బజ్జీలకి రెండు బల్లల అవతల అడుగుతాను, బల్ల మూలన తడి తువ్వాలు పెడతాను.

సంత పెట్టేవాళ్ళలో ఒకాయన నా బల్ల వెనక ఆశ్రమంలోని ముసలివాళ్ళ ఫోటోతో ఫ్లెక్సీ కడదామన్నాడు. జనం కరుగుతారట. వద్దన్నాను. ఆదివారం సాయంత్రం ఆశ్రమం మామ్మలందర్నీ వ్యానులో సంతకి తీసుకొస్తారు. జాలిగా కూర్చున్న తమ ఫోటో కింద నిలబడి వాళ్ళు జిలేబీ ఎలా తింటారు?

బల్ల సర్దడం సగం అమ్మకం. అన్నీ బల్ల మీద పరిచేస్తే మెడ వంచి చూసేవాళ్ళు తక్కువ. రెండు కర్రలకి తాడు కట్టి, దిద్దుల అట్టల్ని బట్టల క్లిప్పులతో కంటి ఎత్తున వేలాడదీయండి. బందరులో సాయంత్రమైతే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, క్లిప్పు లేని అట్ట పక్క బల్ల పకోడీల్లో పడుతుంది. పుష్య మాసం కాబట్టి పొద్దుగూకాక మంచు కూడా పడుతుంది. అట్టలు మెత్తబడిపోతాయి, ఒక పాత ప్లాస్టిక్ దుప్పటి ఉంచుకోండి. దీపం తెల్లటిది పెట్టండి. పసుపు బల్బు కింద అద్దకం ఎరుపంతా ఇటుక రంగులో కనబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం అద్దం. మొదటి రోజు అద్దం లేకుండా పది జతలు అమ్మాను. రెండో రోజు ఇంట్లో గోడ అద్దం ఊడదీసి తెచ్చి, కుర్చీకి ఆనించాను. చెవి దగ్గర పెట్టి చూసుకున్న ఆడవాళ్ళు దాన్ని తిరిగి అట్టకి పెట్టడానికి మొహమాటపడతారు. పక్కనున్న చెల్లెలు "బాగుందే అక్కా" అంటే ఇంక బేరమే లేదు.

బేరం ఎలాగూ ఉంటుంది, చిరాకు పడకండి.

"ఎంతమ్మా ఇవి?"

"అరవై అండీ."

"అరవయ్యా! కోనేరు సెంటర్లో ముప్పైకి ఇస్తున్నాడు."

"ఇస్తారండీ. ఆ ముప్పైవి కూడా బాగానే ఉంటాయి. ఇది పెడన గుడ్డ, నేను చేసింది. తిరగేసి చూడండి, రంగు వెనక్కి దిగింది."

కోనేరు సెంటర్ వాడి సరుకుని తిట్టొద్దు. ఆవిడ చెవులకి ఉన్నవి అక్కడివే కావచ్చు. వెనక చూపించండి, చేతికివ్వండి, మాట ఆపండి. ఎక్కువ మాట్లాడితే బతిమాలుతున్నట్టు ఉంటుంది. "ఆశ్రమం కోసమండీ" అని మీరుగా అనకండి, బోర్డు మీద రాసే ఉంది. తగ్గించమని పట్టుబడితే నేను ధర తగ్గించను, కొసరు ఇస్తాను. కుట్టు కాస్త వంకర పోయిన పట్టీలు పాతిక వరకు దానికే పక్కన పెడతాను. పది రూపాయలు తగ్గిస్తే నాకు పది పోతుంది, పట్టీ ఇస్తే మూడు రూపాయల సరుకు పోతుంది, కానీ కొసరు అందుకున్న మనిషి సంతోషమే వేరు. బోణీ మాత్రం వదులుకోకండి. మొదటి గిరాకీ యాభైకి అడిగితే యాభైకే ఇచ్చేయండి. నాకు నమ్మకం లేదు, మా అమ్మకి ఉంది, ఇంటికెళ్ళాక వినేది నేను.

డబ్బు దగ్గర రెండు మాటలు. పది, ఇరవై నోట్లు కనీసం 500 రూపాయల చిల్లర ముందురోజే తెచ్చుకోండి. క్యూఆర్ కాగితం రెండు ప్రతులు లామినేషన్ చేయించి ఒకటి తాడుకి, ఒకటి బల్లకి అంటించండి. స్కాన్ చేస్తే వచ్చే పేరు మీ అమ్మదైతే ఆ సంగతి కింద రాయండి, లేకపోతే ప్రతివాళ్ళూ "ఈ పేరేనా" అని ఆగుతారు. "వెళ్ళిపోయిందమ్మా" అని ఫోను తిప్పి చూపించే తెరని కాదు, మీ ఫోనుకి వచ్చిన మెసేజ్‌ని నమ్మండి. జనం ఎక్కువైనప్పుడు సిగ్నల్ నత్తనడకే. "ఒక్క నిమిషం అండీ, నాకు రాలేదింకా" అని నవ్వుతూ అనడం నేర్చుకోండి. నేను మొహమాటపడి రెండు పర్సులు పోగొట్టుకున్నాను. ప్రతి అమ్మకానికీ నోటుబుక్కులో ఒక గీత, నగదుకి నిలువు, ఫోనుకి అడ్డం.

ఎవరో ఒకరు "మరి మాకు ఎయిటీ-జీ రసీదు ఇస్తారా" అని అడుగుతారు. విరాళానికి ఆదాయప్పన్ను మినహాయింపు కోసం ఇచ్చే రసీదు అది. వస్తువు కొనడం విరాళం కాదు, దానికి ఆ రసీదు రాదు. విడిగా విరాళం ఇవ్వాలనుకుంటే ఆశ్రమం వాళ్ళ బల్ల చూపించండి. అక్కడ కూడా 2,000 రూపాయలు దాటిన నగదుకి పన్ను మినహాయింపు ఉండదు, చెక్కో ఫోనో వాడాలని చెప్పండి. మీ బల్ల మీద విరాళాల డబ్బా మాత్రం పెట్టుకోకండి. ఎవరో వందనోటు వేసి వెళ్తారు, రాత్రికి అది మీ గల్లాలోదో డబ్బాలోదో మీకే తేలదు.

పోయిన ఏడు 90 జతల దిద్దుల్లో 71 పోయాయి, అందులో 40 రెండేసి చొప్పున. పర్సులు 30లో 22. పట్టీలు 60కి 60. గల్లా 7,700. ఆశ్రమం వాటా 3,475. ఆదివారం రాత్రి అక్కడే నోటుబుక్కు చూపించి, ఇచ్చి, సంతకం పెట్టించుకున్నాను. తర్వాత పంపిస్తామని ఇంటికి తీసుకెళ్ళకండి, పండగ సరుకుల్లో కలిసిపోతుంది. సరుకు ఖర్చు, అమ్మ కూలి, బల్ల రుసుము 200, ఆటో 240 తీసేస్తే నాకు 1,472 మిగిలాయి. అందులో కొంత మళ్ళీ గుండీలకే పెట్టాను.

మిగిలిన దిద్దులు అట్టతో సహా గాలి చొరని డబ్బాలో, రెండు లవంగాలు వేసి దాచండి, వచ్చే ఏడు మొదటి రోజు అవే ముందు వేలాడదీయండి. మచ్చపడ్డవి, నలిగినవి ఆశ్రమానికి "దానం" ఇవ్వాలనుకోకండి. నేనొకసారి తీసుకెళ్తే, నా సంచీ లాక్కున్న ఆ మామ్మే ఒకటి తిరగేసి చూసి, "ఇది అమ్ముడుపోలేదని నాకు తెచ్చావా" అంది. తర్వాతి వారం మంచి తామరపువ్వు జత పట్టుకెళ్ళాను. ఆవిడ చెవి కంతలు సాగిపోయాయి, పుల్ల నిలవలేదు. వాటినే పిన్నీసుకి అంటించి ఇస్తే పైటకి పెట్టుకుంది.

ఈ ఏటి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నవి: క్లిప్పులు ఇంకో రెండు డజన్లు. స్టీలు పుల్లలు ఇరవై జతలు. పిన్నీసు పువ్వులు పది, ధర తేల్చాలి. బల్ల పక్కన మామ్మకి కుర్చీ, చేతులున్నది.